సగం ఏరు

ఒక ఊరికీ దాని పొలాలకీ మధ్య ఒక ఏరు. దానిమీద కాలివంతెన వేసుకుందామనుకున్నారు ఊరివాళ్లు. నడిమధ్యన నలుపలకల రాతిస్తంభం నిలబెట్టాలి. నీరు దాన్ని ఎటు తోస్తుందో, ఎంత తోస్తుందో తేల్చమని ఊళ్లోని లెక్కలాయనకు అప్పగించారు.

ఆయన తన వాకిట్లో ముగ్గుపిండితో గళ్లు గీశాడు. ఒక్కో గడి ఏట్లో ఒక్కో చోటు. నీటి జోరుకు గుర్తుగా గడిలో చింతగింజలు, అది పారే దిక్కుకు ఒక ఈనెపుల్ల. చుట్టూ ఉన్న గళ్లను చూసి ప్రతి గడినీ సరిచేసుకుంటూ చివరిదాకా పోవాలి, మళ్లీ మొదటికి రావాలి. నడుము పడిపోయే పని. పైగా వాకిలి చాలలేదు. స్తంభం ఏటికి తిన్నగా ఎదురు నిలుస్తుంది కదా, ఎడమన ఏం జరిగితే కుడినా అదేనని ఏటిని సగమే గీశాడు. ఎవరైనా అదే చేస్తారు. నాలుగో రాత్రికి గింజలూ పుల్లలూ కదలడం మానేశాయి. నీరు వెనక్కి తోస్తుందే తప్ప పక్కకు తోయదని చెప్పాడు. స్తంభానికి వెనకవైపే దన్ను కట్టారు.

తొలి వరదకే స్తంభం ఎడమకీ కుడికీ ఊగింది. మూడోనాటికి అడుగున బిగించిన రాతిముక్కలు వదులై అది ఒరిగిపోయింది. నీళ్లు తీశాక మేస్త్రీ దాన్ని మళ్లీ నిలబెట్టాడు గానీ, తొందరలో కాస్త పక్కకు తిరిగింది. ఒక మూల ఏటికి ఎదురొచ్చింది.

లెక్కలాయన మళ్లీ ముగ్గు గిన్నె పట్టాడు. స్తంభం వంకర తిరిగింది కాబట్టి ఎడమా కుడీ ఒకటి కావు, సగంతో సరిపెట్టే వీల్లేదు. రచ్చబండ ముందు ఏరంతా గీశాడు. ఈసారి పుల్లలు నిలవలేదు. స్తంభం వెనక ఎడమ గళ్లలో ఒక సుడి చుట్టుకుని దిగువకు కొట్టుకుపోయేది, అది పోగానే కుడి గళ్లలో ఇంకొకటి పుట్టేది. ఎక్కడో తప్పానని తుడిచేశాడు. మళ్లీ వేసినా అదే ఊపు. మూడోసారి తుడవకుండా ఏటి గట్టుకు పోయి, స్తంభానికి ఎగువన ఊక చల్లించాడు. ఊక స్తంభం దాటి ఎడమకొక సుడి, కుడికొక సుడిగా తిరుగుతూ పోయింది. ఆ ఏడే పక్కలకూ దన్ను కట్టారు.

మేస్త్రీ చెయ్యి తప్పకపోతే లెక్కలాయన పాత సగాన్నే మళ్లీ గీసేవాడు. పని తగ్గుతుందని మనం ముందే ఒప్పేసుకున్న మాట, చివర్లో జవాబు వేషం వేసుకుని తిరిగొస్తుంది. ప్రవాహానికి అడ్డు నిలిచినదాని వెనక వంతులవారీగా విడివడే ఈ సుడుల వరసను థియోడోర్ ఫాన్ కార్మన్ 1911లో లెక్కగట్టి వివరించాడు. ఇవాళ కంప్యూటర్లో గళ్లు లక్షలున్నా, సగం ప్రవాహమే గీసి నడిమి గీతను అద్దంగా పెడితే, ఆ సుడులు ఒక్కసారి కూడా ఎడమకూ కుడికీ ఊగవు.