కాపలాకు కూలి తీసుకుంటే తప్పా?



కిందటేడు ఎండాకాలంలో మోతె దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. సూర్యాపేట నుండి ఖమ్మం పోయే దారి ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డయింది. ఆ రోడ్డు వెడల్పులో పాత చెట్లు పోయాయి, ఊరి బాటల వెంట కొత్త మొక్కలు నాటారు. నేను వెళ్లిన ఇంటి పెద్దకొడుకు ఆ మొక్కలకు నీళ్లు పోసే పని ఒప్పుకున్నాడు. మొక్కకు ఇంతని కూలి. నాలుగు నెలలైనా ఆ కూలి చేతికి రాలేదు. ఎవరివ్వాలో, ఎందుకివ్వలేదో ఇక్కడ మనకు అక్కరలేదు. అతను బిందె పక్కన పెట్టి సూర్యాపేటలో సుతారి పనికి పోవడం మొదలుపెట్టాడు. మొక్కలు ఎండిపోసాగాయి.

ఆ పూట తల్లి అతన్ని మందలిస్తోంది. "పైసలిస్తేనే నీళ్లు పోస్తవారా? మన వాకిట్ల వేపచెట్టుకు ఇన్నేండ్లు నేను నీళ్లు పోస్తే నాకెవలిచ్చిండ్రు బిడ్డా?"

అతను అన్నం తింటూ తలెత్తకుండానే అన్నాడు: "ఆ చెట్టు మనది అమ్మా. ఇవి ఎవలయి?"

ఆమె నా వైపు తిరిగి, "మీరన్న చెప్పుండ్రి సారూ" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. తల్లి మాట న్యాయంగానే ఉంది, కొడుకు మాటా న్యాయంగానే ఉంది. ఆనాటి నుండి ఆ ప్రశ్నను మోస్తూనే ఉన్నాను. ఈ వారం దాన్ని మీ ముందు పెడుతున్నాను.

మన మోతె చుట్టుపక్కల చెప్పుకోదగ్గ అడవి లేదు. తాటిచెట్లు, తుమ్మలు, చెరువుకట్టల మీది తంగేడు పొదలు, అంతే. అయినా ఆ తల్లీకొడుకుల వాదమే ఈనాడు ప్రపంచంలోని మహారణ్యాల విషయంలో నడుస్తోంది. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఆఫ్రికాలో కాంగో, ఇండోనేషియా దీవులు, ఈ చోట్ల ఏడాది పొడవునా వాన కురిసే దట్టమైన అడవులున్నాయి. వాటిని నరికితే అక్కడి మనుషులు, జంతువులే కాక భూమి మీది వానలు, వేడిమి కూడా తారుమారవుతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ అడవుల పక్కన బ్రతికేవారిలో అధికులు పేదలు. చెట్టు కొడితే కలప, కాలిస్తే పొలం. కొట్టకుండా ఉంటే ఏమొస్తుంది? అందుకని, కొట్టకుండా ఉన్నందుకే డబ్బిద్దామన్నారు.

మధ్య అమెరికాలోని కోస్టారికా ఆ పని 1996లో చట్టం చేసి మరీ మొదలుపెట్టింది. అడవిని నిలిపి ఉంచిన భూమి యజమానికి ప్రభుత్వం సొమ్ము చెల్లిస్తుంది. ఆ సొమ్ములో పెద్ద భాగం పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్ను నుండి వస్తుంది. బండి నడిపేవాడి నుండి తీసి చెట్టు కాచేవాడికి ఇస్తున్నారన్నమాట. 1980ల్లో బాగా తరిగిపోయిన అడవి ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా నేలను కప్పుతోంది. ఇందుకు ఆ డబ్బొక్కటే కారణమని నేననను. అడవి నరకరాదని అదే చట్టం కట్టడి చేసింది, పశువుల వ్యాపారం తగ్గింది. అయితే డబ్బిస్తే మనిషి చెడిపోతాడనే వారు ఆ దేశాన్ని ఒకసారి చూడాలి.

మన తెలుగునాట కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. అడవి పక్క ఊరివాళ్లు సమితిగా కూడి అడవిని కాపాడితే గడ్డి, పుల్లలు, పండ్లు వారివి, కలప, వెదురు అమ్మిన రాబడిలో వాటా. ప్రపంచ బ్యాంకు అప్పుతో గుంతలు తవ్వే పని, మొక్కలు నాటే పని దొరికి కూలి కూడా వచ్చింది. చాలాచోట్ల బోడిగుట్టలు మళ్లీ పచ్చబడ్డాయి. మరికొన్ని చోట్ల, ఆదివాసులు తాతల నాటి నుండి పోడు చేసుకుంటున్న నేలనే సమితి పేర మొక్కలకు ఇమ్మన్నారు. నిన్నటి దాకా తన పొలమైన చోట నేడు రోజుకూలికి గుంత తవ్విన మనిషి మనసెలా ఉంటుందో ఊహించండి. ప్రాజెక్టు సొమ్ము ఆగగానే ఎన్నో సమితులు పేరుకే మిగిలాయి. మోతెలో బిందె పక్కన పెట్టిన కొడుకు నాకు ఇక్కడ గుర్తొస్తాడు.

సువిశేషంలో మంచి కాపరిని, జీతగాణ్ణి క్రీస్తుప్రభువు పక్కపక్కన నిలిపి చూపిన సంగతి మీకు తెలుసు. తోడేలు వస్తే జీతగాడు గొర్రెలను వదిలి పారిపోతాడు. ఈ మాట విన్నప్పుడల్లా, మన నల్గొండ పల్లెల్లో పుట్టిన నాకు కొంచెం నొప్పి కలుగుతుంది. ఉగాదికి జీతం కుదుర్చుకొని, దొర కొట్టంలో పశువుల మధ్యనే పడుకొని, ఈతకొచ్చిన బర్రెను రాత్రంతా కనిపెట్టుకొని ఉన్న జీతగాళ్లను మన పెద్దలు ఎరుగుదురు. వాళ్లు పారిపోలేదు. కాబట్టి ప్రభువు తప్పు పట్టింది జీతం తీసుకోవడాన్ని కాదని నా నమ్మకం. కూలివాని కూలి బిగబట్టిన వారి మీద యాకోబు తన జాబులో ఎంత కోపపడ్డాడో చదివినవారికి, జీతం పాపం కాదని వేరే చెప్పనక్కరలేదు. సువిశేషం ఎంచి చూపిన తేడా ఏమిటంటే, గొర్రెలు జీతగానివి కావు.

మోతె కొడుకు అన్నదీ అదే కదా! "ఇవి ఎవలయి?"

నేలమీద హక్కు లేదు, కాయ రాలితే ఏరుకునే హక్కు లేదు, ఏ మొక్క ఎక్కడ నాటాలో అడిగినవారు లేరు. అప్పుడిక చెట్టుకూ అతనికీ మధ్య మిగిలింది కూలి ఒక్కటే. ఆ ఒక్క దారం తెగితే అంతా తెగుతుంది. వాకిట్లో వేపచెట్టుకు దారాలు పది. నీడ, పళ్లపుల్ల, అమ్మవారు పోసినప్పుడు కొమ్మ, కోడలు కాన్పయి వస్తే గుమ్మానికి మండ. అక్కడ ఎవరైనా నెలకు వంద రూపాయలిచ్చినా ఆ తల్లి తీసుకుంటుంది, ఇవ్వకపోయినా నీళ్లు పోస్తుంది. డబ్బు ఆమెను చెడగొట్టదు. హక్కుతో పాటు డబ్బిస్తే అది సాయం. హక్కుకు బదులు డబ్బిస్తే, పుచ్చుకున్నవాడు కాపరి కాదు సరే, జీతగాడు కూడా కాలేడు. నాలుగు రోజులు వచ్చిపోయే కూలివాడవుతాడు. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం ఈ సంగతిని గుర్తించింది. అడవిలో తరతరాలుగా ఉన్నవారికి సాగు హక్కుతో పాటు, ఊరుమ్మడి అడవిని కాపాడుకునే హక్కును కూడా అది ఒప్పుకుంది. ఆ పత్రాలు ఎందరి చేతికి అందాయన్నది వేరే కథ.

ఇక్కడొక చేదు సంగతి కూడా చెప్పాలి. అడవిని కాపాడడానికి డబ్బిచ్చే పద్ధతుల్లో, అడవి విడిచిపెట్టి పోవడానికి డబ్బివ్వడం ఒకటి. కవ్వాల్ పులుల అభయారణ్యం లోపలి రాంపూర్, మైసంపేట అనే రెండు చిన్న ఊళ్లను 2024లో కడెం వైపు తరలించారు. ఇల్లు, పొలం తీసుకోవచ్చు, లేదా కుటుంబానికి 15 లక్షల రూపాయలు. పిల్లలకు బడి, దవాఖాన, కరెంటు దగ్గరవుతాయని సంతోషించినవారు ఉంటారు, వారిని తప్పు పట్టే హక్కు మనకు లేదు. పులికి చోటు కావాలన్నదీ నిజమే. అయితే 15 లక్షలు మంచి ధరేనా కాదా అన్నది రెండో ప్రశ్న. వద్దు అనగలిగే స్వేచ్ఛ ఉందా లేదా అన్నది మొదటిది. అక్కరలో ఉన్న మనిషి ముందు కట్ట పెట్టి, "నీ ఇష్టం" అంటే ఆ ఇష్టం ఎంత? పెళ్లీడుకొచ్చిన బిడ్డ ఉన్న తండ్రిని అడగండి, చెబుతాడు.

ఇంతవరకు పుచ్చుకునేవారి సంగతి. ఇచ్చేవారి మనసు మాటేమిటి? నాకు ఇది ఇంకా కష్టమైన ప్రశ్న.

అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలో పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచాయి, కానుగ గింజల నుండి నూనె తీశాయి. మన చేలగట్ల మీద పెరిగే కానుగే. ఆ నూనెను డీజిలుకు బదులు వాడితే పదేళ్లలో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవకుండా ఆగుతుందని లెక్క కట్టారు. ఆ లెక్క మీద 2003లో ప్రపంచ బ్యాంకు ఆ స్త్రీలకు 645 డాలర్లు, అంటే అప్పటి మారకంలో సుమారు 30,000 రూపాయలు చెల్లించింది. అమెరికాలో వాషింగ్టన్ నగరంలో జరిగిన ఒక సమావేశం వల్ల గాలిలోకి పోయిన పొగకు బదులుగా ఆ సొమ్ము ఇచ్చారు. పొగ అక్కడ, కానుగ ఇక్కడ.

ఆ స్త్రీలు తీసుకున్నది భిక్ష కాదు, లంచం కాదు. వారు పడ్డ శ్రమకు ప్రతిఫలం, అది కూడా బహు స్వల్పం. ఈ ఏర్పాటును వెక్కిరించడం నాకిష్టం లేదు. కాని విమానమెక్కి సమావేశానికి పోయినవారి గురించి మనం అడగవచ్చు. ఆ 645 డాలర్లు ఇచ్చాక మరుసటి ఏడు వారి విమానాలు తగ్గాయా, లేక "చెల్లించేశాం కదా" అని నిశ్చింతగా ఎక్కారా?

పాపసంకీర్తనకు వెళ్లేవారికి ఇది తెలిసిన విషయమే. పశ్చాత్తాపం ఉండాలి, ఇక చేయనన్న తీర్మానం ఉండాలి, ఆ తర్వాత పరిహారం. మొదటి రెండూ వదిలి మూడోది మాత్రం చెల్లించి బయటికి వచ్చేస్తానంటే ఏ గురువైనా ఊరుకుంటారా? 2015లో జగద్గురువులు ఫ్రాన్సిస్ 'లౌదాతో సి' విశ్వలేఖలో ఈ కాలుష్య హక్కుల క్రయవిక్రయాన్ని గురించి ఇట్టి హెచ్చరికే చేశారు. కొన్ని దేశాలు, కొన్ని వర్గాలు తమ మితిమీరిన వాడకాన్ని అలాగే సాగించుకోవడానికి అది సాకు కాగలదన్నారు.

ఇజ్రాయేలు దేశం హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో చేసిన ఒక పరిశీలన 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యం తగ్గుతుందనుకున్నారు, పెరిగింది! అంతకు ముందు టీచరమ్మ ఎదురుచూస్తుందన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది ఒక ధర అయిపోయింది, ధర కట్టినవాడికి మొహమాటం ఎందుకు? తర్వాత జరిమానా ఎత్తేసినా పోయిన మొహమాటం తిరిగి రాలేదు. పెళ్లికి పోలేక కవరులో నూటపదహార్లు పంపించి ఊరుకునే మనకు ఇది కొత్త కాదు.

ఇంకొక ఉదంతం చెప్పాలి. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశంలో యసుని అనే మహారణ్యం ఉంది. దాని కింద చమురు పడింది. 2007లో ఆ దేశ అధ్యక్షుడు ప్రపంచానికొక మాట చెప్పాడు: చమురు తీయకుండా అడవిని ఉంచుతాం, మాకు వచ్చే రాబడిలో సగం, 360 కోట్ల డాలర్లు, మీరందరూ కలిసి ఇవ్వండి. పేదదేశం అలా అడగడం న్యాయమే. ఆరేళ్లలో చేతికొచ్చింది సుమారు కోటీ ముప్పై లక్షల డాలర్లు. 2013లో ఆ ప్రయత్నం మానుకొని చమురు తీయడానికే సిద్ధపడ్డారు. అడవి విలువ మీద ఉపన్యాసాలిచ్చిన దేశాలు సంచి విప్పలేదు. అయితే కథ అక్కడ ఆగలేదు. 2023 ఆగస్టులో ఆ దేశ ప్రజల ముందే ప్రశ్న పెట్టి ఓటడిగారు. నూటికి 59 మంది చమురు నేలలోనే ఉండనివ్వాలని ఓటేశారు, రాబడి పోతుందని తెలిసి కూడా. అది తమ అడవి అని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో సైకిలు మీద తిరుగుతూ, జేబునిండా విత్తనాలు వేసుకొని బ్రతుకంతా మొక్కలు నాటిన వనజీవి దరిపల్లి రామయ్యగారిని మీలో చూసినవారుంటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అలాంటివారిని చూపించి పేదలతో "చూశారా, డబ్బడగకుండా చేయాలి" అనడం మనకు తేలిక. రామయ్యగారు ఎవరినీ అలా అన్నట్టు నేను వినలేదు. పునీతుల జీవితం మనం అనుసరించడానికి గాని, పొరుగువాని కూలి ఎగ్గొట్టడానికి కాదు కదా! నీళ్లు పోసిన వానికి నాలుగు నెలల కూలి ఆపి, చెట్ల మీద ప్రేమ లేదని అతన్నే నిందించడం నాకు న్యాయంగా తోచదు.

ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను, వానలు పడ్డాక. కూలిలో సగం వచ్చిందట. బాట వెంట మొక్కల్లో చాలా పోయాయి. వాళ్ల ఇంటి నుండి బోరింగు దాకా ఉన్న ఏడెనిమిది మాత్రం గుబురుగా ఉన్నాయి. కొడుకే చెప్పాడు: తాను సూర్యాపేట పోయిన రోజుల్లో, పొద్దున్నే నీళ్లు తెచ్చుకునేటప్పుడు తల్లి ఒక్కో బిందె వాటికి పోసేదట. అతను తలగోక్కుంటూ, "సారూ, ఆ పైసల్ల అమ్మకు గూడ రావాలె గదా, లెక్కల ఎవల పేరు రాయమంటరు?" అన్నాడు. తల్లి వాకిట్లో వేపచెట్టు కింద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతూ, "నా పేరెందుకురా, ఆ కానుగ చెట్టు మాత్రం నాదని రాయమను" అంది.