చెవికి అందని వర్ణక్రమం

ఇంగ్లీషు స్పెల్లింగులో తప్పులు ఎక్కువగా చెవికీ కంటికీ పొత్తు కుదరని చోటే పుడతాయి. ‘అక్కడ’ అనే దేర్, ‘వాళ్ల’ అనే దేర్, ‘వాళ్లు ఉన్నారు’ అనేదాన్ని కుదించిన దేర్ చెవికి ఒక్కటే. కాగితం మీద మొదటిది ఆర్-ఈలతో ముగుస్తుంది, రెండోది ఐ-ఆర్‌లతో ముగుస్తుంది, మూడోదానికి నడుమ అపాస్ట్రఫీ ఉంటుంది. కాలేజీ ప్రిన్సిపల్, సూత్రమనే అర్థంలో వచ్చే ప్రిన్సిపల్. కదలకుండా ఉన్న స్టేషనరీ, కాగితాలూ కలాలూ అమ్మే స్టేషనరీ. మెచ్చుకోలు కాంప్లిమెంట్, లోటు పూరించే కాంప్లిమెంట్. వీటిని తెలుగు లిపిలో రాసేసరికి తేడా మాయమవుతుంది. తెలుగు లిపి పట్టుకునేది ధ్వనిని. అందువల్ల పై వాక్యాలను కంటితో చదివినవారు కూడా, ఈ కొన్ని మాటల వరకు, చూపులేని శ్రోత ఉన్న చోటనే ఉన్నారు.

దీనికి తిరగబడ్డ చిక్కు మరొకటి ఉంది. ‘చదువు’ అనే రీడ్, ‘చదివాను’ అనే రెడ్ కంటికి ఒకటే, చెవికి వేరు. నడిపించే లీడ్, సీసమనే లెడ్ కూడా అంతే. ఇక్కడ చూపున్నవారికి సందర్భం చూసుకోవలసిన పని పడుతుంది. పైకి చదివే యంత్రం సందర్భాన్ని పొరపాటుగా అంచనా వేస్తే సీసపు గొట్టం కాస్తా నడిపించే గొట్టమవుతుంది. క్వైట్, క్వయెట్ లాంటివి మూడో రకం. వీటిని చెవి పసిగడుతుంది, తప్పేది చెయ్యి మాత్రమే. రాతకూ పలుకుకూ ఈ ఎడం ఎందుకంటే, పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండుకు అచ్చుయంత్రం వచ్చాక రాత మెల్లగా గడ్డకట్టింది, ఉచ్చారణ మాత్రం మారుతూ పోయింది. వీరయోధుణ్ని చెప్పే నైట్ మాటలో మొదటి కె ఒకప్పుడు నోట పలికినదే. ఇప్పుడు అది రాతలో మిగిలింది.

చూపులేని పాఠకుడు నేడు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్లతోనూ, ఫోనులో టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్‌లతోనూ చదువుతాడు. అచ్చయిన మాట అతనికి గొంతుగా చేరుతుంది, అక్షరంగా చేరదు. అలాంటప్పుడు అతను పుస్తకం చదివినట్టా, విన్నట్టా? అక్షరాలు తెలియకుండా మాట తెలియడం పూర్తిగా తెలియడమేనా? సాంకేతికత వల్ల ముందుకొచ్చిన ఈ ప్రశ్న, మాట అంటే ఏమిటన్న చాలా పాత వాదంలోకి నేరుగా తీసుకుపోతుంది.

వర్ణాలే పదం అన్నది మీమాంసకుల పక్షం. ‘గౌః’ అనే పదంలో గకారం, ఔకారం, విసర్గ తప్ప మరేమీ లేదన్న ఉపవర్షుని అభిప్రాయాన్ని శబరస్వామి తన భాష్యంలో చెబుతాడు. బ్రహ్మసూత్ర భాష్యంలో, దేవతాధికరణం దగ్గర, శంకరాచార్యులు కూడా ఈ మాటనే సమర్థిస్తారు. వర్ణాలు అవే అయినా క్రమం మారితే పదం మారుతుంది: రాజా, జారా, కపి, పిక. చీమలు ఒకదాని వెనక ఒకటి నడిచినప్పుడే బారు అన్న ఊహ కలిగినట్టు, వర్ణాలు వరసలో వచ్చినప్పుడే పదమన్న ఊహ కలుగుతుందని ఆయన వివరణ. ఇంగ్లీషులో రోజు సంగతులు రాసుకునే డైరీ, పాలు అమ్మే డెయిరీ ఈ వివరణకు చక్కగా సరిపోతాయి. ఐదు అక్షరాలూ అవే, రెండో మూడో చోట్ల ఐ, ఏ తారుమారయ్యాయి.

వ్యాకరణవేత్త భర్తృహరి వాక్యపదీయంలో దీనికి ఎదురుపక్షం కనిపిస్తుంది. ధ్వనులు ఒకటొకటిగా వచ్చి పోతాయి, ఒక్కొక్కటీ మనసులో ముద్ర వేస్తుంది, చివరి ధ్వనితో పదం మొత్తం ఒక్కసారిగా భాసిస్తుంది. అలా భాసించేదే స్ఫోటం. ధ్వని దాన్ని వెల్లడి చేసే సాధనం మాత్రమే. మీమాంసకుల పక్షాన కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఈ వాదాన్ని గట్టిగా ఖండించాడు. అయితే రెండు పక్షాలవారూ మాట్లాడింది నోట పలికి చెవిన వినే వర్ణం గురించే. లిపి వారి లెక్కలోకి రాలేదు. సంస్కృతంలో పలికే వరస, రాసే వరస దాదాపు ఒకటే కాబట్టి ఆ అవసరమూ కలగలేదు. ఈ దృష్టితో చూస్తే చెవితో చదివేవాడికి మాటలో ఏదీ తగ్గలేదు.

ఒకే ధ్వనికి రెండు అర్థాలు వచ్చే చిక్కునూ ఈ సంప్రదాయం వదిలిపెట్టలేదు. సైంధవం తెమ్మన్నప్పుడు భోజనాల వేళైతే ఉప్పు, ప్రయాణం వేళైతే గుర్రం. పక్కన ఉన్న మాట, ప్రకరణం, ఔచిత్యం, దేశం, కాలం ఇలా అర్థాన్ని తేల్చే సాధనాలను భర్తృహరి ఒక పట్టికగానే ఇచ్చాడు. ఇంగ్లీషు దేర్‌ల విషయంలో చెవిపాఠకుడు చేసేది అచ్చంగా ఇదే. దేర్ తర్వాత ఇల్లు అని వస్తే అది ‘వాళ్ల ఇల్లు’, పుస్తకం ఉంది అని వస్తే ‘అక్కడ’. స్పెల్లింగు తెలియకపోయినా అర్థం చెడదు. కాబట్టి గ్రహించడం వరకు వినడం చదవడమే అనడానికి అడ్డేమీ లేదు. పురాణం ఒకరు చదువుతుంటే పదిమంది విని నేర్చుకున్న తెలుగు ఊళ్లకు ఇది కొత్త విషయమూ కాదు.

ఇబ్బంది రాసేటప్పుడు మొదలవుతుంది. సందర్భం అర్థాన్ని తేలుస్తుంది గానీ అక్షరాలను చెప్పదు. ఆ నైట్ ముందున్న కె ధ్వనిలో లేదు, అర్థంలోనూ లేదు. అది ఉన్నది రాసేవారి ఆచారంలో. ఆచారాన్ని వినికిడి అందించలేదు. పైగా చెవితోనే చదివి, చెవితోనే సరిచూసుకునేవారికి తప్పు రెండుసార్లు దాగుతుంది. ‘వాళ్ల’కు బదులు ‘అక్కడ’ దేర్ రాస్తే, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి మామూలు స్పెల్ చెకర్ ఊరుకుంటుంది. రాసింది మళ్లీ వినిపించుకుంటే యంత్రం తప్పును కూడా ఒప్పులాగే పలుకుతుంది. ఆ ఉత్తరం చదివిన ఉద్యోగదాత మాత్రం రాసినవాడికి భాష రాదనుకుంటాడు. జ్ఞానంలో లేని లోటు కాగితం మీద కనబడడం న్యాయం కాదు. అందుకని వర్ణక్రమం అనవసరమని చూపులేనివారికి నచ్చజెప్పడం అంతకంటే పెద్ద అన్యాయం.

ధ్వనికీ అక్షరానికీ మధ్య ఈ తగవు బ్రెయిలీ లిపి పుట్టుకలోనే ఉంది. పారిస్‌లోని అంధ బాలల పాఠశాలకు 1821లో షార్ల్ బార్బియే తెచ్చిన ఉబ్బెత్తు చుక్కల పద్ధతి ఫ్రెంచి ధ్వనులను రాసేది, అక్షరాలను కాదు. ముప్పై ఆరు ధ్వనుల పట్టికలో ఒక్కో ధ్వని ఏ వరసలో, ఏ గడిలో పడుతుందో చుక్కల లెక్క చెప్పేది. వేలికి తగిలిన ధ్వనులతో మాట పోల్చుకుంటే చాలునన్నది దాని వెనక ఆలోచన. ఆ పద్ధతిలో స్పెల్లింగుకు చోటు లేదు, విరామచిహ్నాలకూ లేదు. అదే పాఠశాలలో చదువుతున్న లూయీ బ్రెయిలీ 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులో, బార్బియే పన్నెండు చుక్కల గడిని ఆరుకు కుదించి, ధ్వనిని వదిలి అక్షరాన్ని పట్టుకున్నాడు. 1829లో అది పుస్తకంగా అచ్చయింది. గడి చిన్నదై వేలికొన కింద పట్టడం వల్లే ఆ లిపి గెలిచిందని సాధారణంగా చెబుతారు. అది నిజమే. అయితే చూపున్నవారు రాసే వర్ణక్రమమే చూపులేనివారి చేతికీ అందడం అంతకంటే దూరం పోయే మార్పు.

బ్రెయిలీ కూడా ప్రతిచోటా స్పెల్లింగు చెప్పదు. సంక్షిప్త ఇంగ్లీషు బ్రెయిలీలో మూడు దేర్‌లలో మొదటి రెండింటికీ ప్రధానమైన గడి ఒకటే. దాని ముందు ఐదో చుక్క ఒక్కటే ఉంటే ‘అక్కడ’, నాలుగు ఐదు ఆరు చుక్కలు ఉంటే ‘వాళ్ల’. రెండూ కలిసిపోయే ప్రమాదం లేదు. ‘అందుకొను’ అనే రిసీవ్ మాత్రం ఆర్-సి-వి అని మూడే అక్షరాలుగా ఉంటుంది. అందులో ఈ ముందా ఐ ముందా అన్న ప్రశ్నకు వేలికీ జవాబు దొరకదు.

చూపుతో పాటు వినికిడి కూడా లేని హెలెన్ కెల్లర్ ఉదాహరణ ఈ వాదాన్ని మరో వైపు నుంచి చూపిస్తుంది. 1887లో బోరింగు దగ్గర టీచర్ ఆన్ సలివన్ ఆమె అరచేతిలో నీటికి ఇంగ్లీషు మాటను ఐదు అక్షరాల సంజ్ఞలుగా పెట్టింది. ఆ పిల్లకు మాట అక్కడే భాసించింది. వర్ణం ధ్వనిగా ఆమెకు అందలేదు, ఆమెకు మాట ఒంటికి తగిలే అక్షరాల వరసే. మాటకు ధ్వనే శరీరం అనడం ఇక్కడ నిలవదు. స్ఫోటవాదులు చెప్పినట్టు ధ్వని వెల్లడి చేసే సాధనమైతే, అక్షరస్పర్శ మరో సాధనం కావడానికి వారి సిద్ధాంతంలో అడ్డు లేదు. ఈ ఒక్క విషయంలో భర్తృహరి పక్షమే బలంగా కనిపిస్తుంది.

చదివి వినిపించే యాప్ ఎంచుకోవడం చిన్న పనే అయినా ఈ చర్చ దానికి పనికొస్తుంది. పాణినీయ శిక్ష అధములైన పాఠకులను ఆరు రకాలుగా చెప్పింది. హడావిడిగా చదివేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియక చదివేవాడు వారిలో ముగ్గురు. యాప్‌లోని కృత్రిమ గొంతులో ఈ ముగ్గురూ ఉన్నారు. అనుభవమున్న శ్రోతలు దాని వేగాన్ని మామూలు మాటకు రెండు మూడు రెట్లు పెంచి కూడా హాయిగా వింటారన్నది శిక్షాకారుడు ఊహించని సంగతి. అర్థం తెలియని పాఠకుణ్ని నమ్మి వినేవాడికి, కావలసినప్పుడు ఆపి లోపలికి దిగి చూసుకునే వీలు ఉండాలి. వేదపాఠంలో సంహితతో సరిపెట్టకుండా సంధులు విడగొట్టి పదపాఠం పెట్టుకున్నది ఇలాంటి జాగ్రత్తతోనే.

కాబట్టి మొదట చూడవలసింది గొంతు తీయదనం కాదు, యాప్ ఎంత కిందికి దిగనిస్తుందన్నది. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ నంబర్ ప్యాడ్‌లోని ఐదు మీట ఒకసారి నొక్కితే మాట చదువుతుంది, వెంటనే రెండోసారి నొక్కితే అక్షరాలు విడివిడిగా చెబుతుంది, మూడోసారి ఆల్ఫా, బ్రావో అంటూ బి, డి లాంటివి కలిసిపోకుండా చెబుతుంది. టాక్‌బ్యాక్‌లో రీడింగ్ కంట్రోల్స్‌ను అక్షరాలకు మార్చి, వాయిస్‌ఓవర్‌లో రోటర్ తిప్పి ఇదే పని చేయవచ్చు. సొంత గొంతుతో ఏకబిగిన చదివే యాప్‌లలో కొన్ని వాక్యం కంటే కిందికి దిగనివ్వవు. నవలకు అది చాలు. ఇంగ్లీషు వ్యాసాలు రాయవలసిన విద్యార్థికి చాలదు. మనిషి గొంతుతో రికార్డు చేసిన ఆడియో పుస్తకం అన్నిటికంటే కమ్మగా ఉంటుంది గానీ, దాని వెనక పాఠం లేకపోతే ఒక్క స్పెల్లింగు కూడా చెప్పదు.

రెండోది వెనక్కీ ముందుకీ పోగలగడం. వేదాంతంలో శ్రవణం ఊరికే చెవిన పడనివ్వడం కాదు. ఉపక్రమాన్ని ఉపసంహారంతో కలిపి చూసి, మళ్లీ మళ్లీ చెప్పినదాన్ని గుర్తించి తాత్పర్యం నిర్ణయించడం. పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఒకే తాడులా సాగితే ఆ పని చెవితో సాధ్యం కాదు. అధ్యాయం, ఉపశీర్షిక, పేజీ ప్రకారం దూకనిచ్చేలా 1996లో ఏర్పడిన డైసీ కన్సార్టియం రూపొందించిన డైసీ పుస్తకాలు, వాటి బాటలోనే సాగే ఈపబ్ పుస్తకాలు ఇందుకు తగినవి. వాటిని తెరిచే యాప్ బుక్‌మార్కులు పెట్టుకోనివ్వాలి.

తెలుగువారికి మరో అడ్డంకి ఉంది. అనూ ఫాంట్లతో పేజీలు కట్టిన పుస్తకాల ఫైళ్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చితే తప్ప ఏ యాప్ మార్చినా ప్రయోజనం లేదు. స్కాన్ చేసిన పేజీలు బొమ్మలే కాబట్టి వాటికి ముందు బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ కావాలి. అది ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్ అనుకునే సందర్భాలున్నాయి. ఇంగ్లీషు స్పెల్లింగు నేర్చుకునేవాడు అక్షరాలు విడదీసి విన్నా అప్పుడు నేర్చేది తప్పే. తెలుగు గొంతుకు ఇంగ్లీషు మాటలు అప్పగిస్తే ఉచ్చారణ చెడుతుంది. భాష మారగానే గొంతు మార్చే యాప్ అయితే మంచిది. తెలుగులోనూ అర్థం, అర్ధం వంటి జంటలు ఒత్తు సరిగా పలకని గొంతులో ఒకటైపోతాయి. అక్షరాలవారీ పఠనం అక్కడా కావాలి.

పుస్తకాలు దొరకడం కొంత సులువైంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, వికలాంగులు చదవగల రూపంలోకి పుస్తకాలను మార్చుకోనిచ్చింది. 2013 నాటి మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం భారతదేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయం, అంతకుముందునుంచే ఉన్న బుక్‌షేర్ పాఠాన్ని పాఠంగానే ఇస్తాయి కాబట్టి స్పెల్లింగు కూడా చేతికందుతుంది. యాప్ ఎంచుకునేటప్పుడు ఈ గ్రంథాలయాలను దానిలోంచే తెరవగలమా అని చూడడం మేలు.

చివరి పరీక్ష బ్రెయిలీ డిస్‌ప్లే. తెరమీది వాక్యాన్ని లేచి పడే చుక్కలుగా చూపే ఈ పరికరాన్ని యాప్‌కు కలిపితే, గొంతు వింటూనే వేలితో అక్షరాలు తడుముకోవచ్చు. సంక్షేపాలు ఆపేసి ప్రతి అక్షరాన్నీ పూర్తిగా చూపే అమరికలో ఆర్-సి-వి కూడా ఏడు అక్షరాలుగా విచ్చుకుంటుంది. పరికరం ఖరీదైనదే. నవలలు వినే పాఠకుడు అది లేకుండా గడపగలడు. చూపూ వినికిడీ రెండూ లేనివారికి మాత్రం చదువు మొత్తం దానిమీదే ఆధారపడుతుంది. అందుకని, గొంతు ఎంత బాగున్నా, డిస్‌ప్లేకు పాఠం పంపలేని యాప్‌ను పాఠశాలలూ గ్రంథాలయాలూ అందరి కోసమని ఎంపిక చేయకూడదు.