రాని రోజు ఫీజు

మేము ఇద్దరం హైదరాబాదులో షటిల్ నేర్పుతాం. గంటల లెక్కన ఇండోర్ కోర్టు అద్దెకు తీసుకుని ఒక్కొక్కరికీ విడిగా పాఠం చెబుతాం. ఐదున్నరకు రావాల్సిన పిల్లవాడు ఆరైనా రాడు. ఫోన్ చేస్తే ఎత్తరు. పాఠం టైము దాటాక వాట్సాప్‌లో, "రాత్రి పెళ్లికి వెళ్లాం సార్, రేపొస్తాడు" అని మెసేజ్ వస్తుంది. కోర్టు అద్దె అప్పటికే కట్టేసి ఉంటాం. అదే టైము అడిగిన ఇంకో పాపకు ఖాళీ లేదని చెప్పి ఉంటాం.

ఆ రోజుకు ఫీజు అడగడం ధర్మమేనా? చాలాకాలం మాకు నోరు రాలేదు. "పర్లేదులెండి" అనేవాళ్లం. ఎందుకని తరచి చూసుకుంటే పాత బెరుకు ఒకటి బయటపడింది. విద్య దానం, గురువు డబ్బు మాట ఎత్తకూడదు అని మన తలకెక్కించారు. కానీ ఆ సంప్రదాయంలోనే ద్రోణుడు, తాను నేర్పని విద్యకు ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. ముందుగా లెక్క చెప్పని చోట దక్షిణ ఎంతైనా కావచ్చు.

సిగాలోవాద సుత్తంలో తథాగతుడు దిక్కులకు మొక్కే యువకుడికి మనుషుల మధ్య సంబంధాలే దిక్కులని చెప్పాడు. అందులో దక్షిణ దిక్కు గురువులది. శిష్యుడికి ఐదు విధులు, గురువుకు ఐదు విధులు. శ్రద్ధగా నేర్చుకోవడం ఒకరి వంతు, దాచుకోకుండా నేర్పడం మరొకరి వంతు. ఒకవైపే మొక్కించుకునే దిక్కు అందులో లేదు.

మరి చెప్పకుండా మానేసినవాడు మా గంటను దొంగిలించినట్టేనా? కోపంలో అలాగే అనిపించింది. రెండో శీలం ఇవ్వనిది తీసుకోవద్దంటుంది. అయితే అట్ఠకథలు దొంగతనానికి ఐదు అంగాలు చెబుతాయి: వస్తువు పరులదై ఉండాలి, పరులదని తెలియాలి, దొంగిలించే ఉద్దేశం ఉండాలి, ప్రయత్నం ఉండాలి, తీసుకోవడం జరగాలి. ఆ గంటకు మేము అద్దె కడుతున్నామని ఆ తల్లిదండ్రులకు ఎవరు చెప్పారు? మేము చెప్పలేదు. చెప్పకుండా నెలాఖరున ఫీజులో కలిపేస్తే, ఇవ్వనిది తీసుకున్నది మేమే అవుతాం.

అందుకని చేరేటప్పుడే చెబుతున్నాం. ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు చెబితే పాఠం మరో రోజుకు మారుతుంది. చెప్పకపోతే ఆ రోజు లెక్కలో పడుతుంది. జ్వరమో చావో అయితే ఎప్పుడు చెప్పినా సరే, ఆ అద్దె మాది. పనివాడు జబ్బుపడితే చూసుకోవడం యజమాని విధి అని ఆ సుత్తమే చెబుతుంది. శిష్యుడికి అంతకన్నా తక్కువ చేస్తామా? ఈ నియమం పెట్టాక జ్వరాలు కాస్త పెరిగిన మాట నిజమే. అబద్ధం ఆడినవారి శీలానికి మేము కాపలా కాయలేం.

మా ఇద్దరి అమ్మలూ ఇళ్లలో పాచిపని చేసినవాళ్లే. వాళ్లు మానిన రోజుకు జీతం కోసేవారు. ఇంటివాళ్లు తాళం వేసి ఊరెళ్లిన రోజులకూ కోసేవారు. రెండో కోత అన్యాయమని చిన్నప్పుడే తెలుసు మాకు. ఇప్పుడు ఆ తాళం మా చేతిలో కూడా ఉంది.

మొన్న అక్టోబరులో నాగపూర్ వెళ్లాం. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ ధమ్మదీక్ష తీసుకున్న దీక్షాభూమి చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. టికెట్లు ఆఖరు నిమిషంలో దొరికాయి. ఆ హడావుడిలో ఒక్క ఇంటికి చెప్పడం మరిచాం. ఆ పిల్లవాడి తండ్రి ఆటో నడుపుతాడు. తెల్లవారుజామున తగిలిన ఎయిర్‌పోర్టు గిరాకీ వదులుకుని కొడుకును తీసుకొచ్చాడు. కోర్టుకు తాళం. తిరిగొచ్చాక ఫోన్ చేసి, తప్పు మాదేనని చెప్పి, ఆ నెల ఫీజులో ఒక పాఠం తగ్గిస్తామన్నాం. ఇంకో పాఠం ఊరికే చెబుతామన్నాం.

"పర్లేదు సార్" అన్నాడాయన.

మేము ఒప్పుకోలేదు. ఏ రోజైతే గిరాకీకి అడ్డం రాదో చెప్పమన్నాం. కాసేపు ఆలోచించి, ఆదివారం అన్నాడు.