నిద్ర లేని చేతిని ఏమనాలి?

2021 మే నెల. కరోనా రెండో వేవ్ మన గూడేల్లోకీ వచ్చింది. మాలో ఒకరి పెద్దమ్మను మండలం దాకా ఆటోలో, అక్కడి నుంచి 108లో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టారు. స్టెరాయిడ్ మందులతో షుగర్ పెరిగితే ఇన్సులిన్ ఇచ్చారు. ఒక రాత్రి ఆ ఇన్సులిన్ రెండుసార్లు పడింది. తొమ్మిదింటికి ఒక నర్సు ఇంజెక్షన్ ఇచ్చి చార్టులో రాయడం మరిచింది. ఆమె వెళ్లాక వచ్చిన నర్సు, చార్టు ఖాళీగా ఉందని మళ్లీ ఇచ్చింది. కాసేపటికి పెద్దమ్మకు చల్లటి చెమటలు, వణుకు, మాట తడబాటు. గ్లూకోజ్ ఎక్కించి బతికించారు.

రాయడం మరిచిన ఆ అమ్మాయి మన పిల్లే. ఏజెన్సీ ఊరి నుంచి ఆశ్రమ పాఠశాలలో చదివి నర్సయింది. ఆ రోజు తెల్లవారి నాలుగింటికి లేచి పగటి డ్యూటీకి వచ్చింది. తర్వాత రావలసిన నర్సుకు జ్వరం రావడంతో ఆమెనే ఉండమన్నారు. ఒంటి మీద పీపీఈ కిట్టు, చుట్టూ ముప్పైకి పైగా మంచాలు.

తప్పు ఎవరిది? ఈ ప్రశ్న మీద మేము చాలా రోజులు కొట్లాడుకున్నాం.

పాత గ్రీకు దేశంలో పిట్టకస్ అనే పాలకుడు ఒక చట్టం చేశాడు: తాగి నేరం చేసినవాడికి రెండింతల శిక్ష. అరిస్టాటిల్ కూడా ఆ మాట ఎత్తి, తాగకుండా ఉండటం వాడి చేతిలోనే ఉంది కదా అని కారణం చెప్పాడు. మరి నిద్ర లేకపోవడం? 17 గంటలు మేలుకున్న మనిషి పని, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారా ఉన్నవాడి పనిలాగే దిగజారుతుందని ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 30. నాలుగు నుంచి తొమ్మిది దాకా లెక్క పెట్టండి. సరిగ్గా 17 గంటలు. ఆ పిల్ల తాగలేదు, తాగినంత పని చేయించారు. వద్దనే వీలు ఆమె చేతిలో లేదు.

మెమో మాత్రం ఆమెకే వచ్చింది. డ్యూటీలు వేసినవారికి ఏ కాగితమూ రాలేదు. పని ఒత్తిడికి మనిషి కాలిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే జబ్బుగా కాక, పనిచోటు నుంచి పుట్టే స్థితిగా రాసింది. అయినా ఆసుపత్రులు చేసేది ఏమిటి? అలసినవాళ్లకు ధ్యానం క్లాసులు పెడతాయి. (నిద్రపోవడానికి సెలవిస్తే ఆ క్లాసు అక్కర్లేదేమో!)

ఇక్కడితో ఆపితే మాకు సుఖంగానే ఉండేది. కానీ అలసట అనే మాట వెనక దాక్కోవడం కూడా తేలికే. మనవాళ్లు చనిపోతే ఆసుపత్రుల్లో మనం ఎక్కువగా విన్న మాట, ఆలస్యంగా తెచ్చారు అని. చార్టులో ఏముందో చదవలేని తల్లికి ఎవరు చెబుతారు? పాపం అలసిపోయారులే అని మనమే సర్దుకుంటే, అసలేం జరిగిందో ఎప్పటికీ బయటికి రాదు.

ఆ పిల్ల చెప్పింది. చెప్పొద్దని పైవాళ్లు అన్నా రెండు రోజుల తర్వాత మంచం దగ్గరికి వచ్చి, మన భాషలోనే, "పెద్దమ్మా, సూది వేసి రాయనిది నేనే" అంది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, తిన్నావా అని అడిగింది. అలసట ఆమె ఎంచుకోలేదు. చెప్పడం ఎంచుకుంది. ఆమెను తూచాలంటే దీనితోనే తూచాలని మాలో ఎక్కువమంది అనుకుంటాం.

పెద్దమ్మ కొడుకు ఒప్పుకోలేదు. "మా అమ్మ పోయుంటే ఇట్లాగే రాసేవాళ్లా?" అన్నాడు. డ్యూటీలు వేసినవారి గురించి ఇట్లాగే రాసేవాళ్లం. ఆ పిల్లను క్షమించే సంగతి మాత్రం మేము రాయగలిగేది కాదు. అది అతనిది.