రేవును బట్టి వయసు

పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు పెద్దవాడా, చిన్నవాడా? మన ఇళ్ళల్లో దీనికి జవాబు అవసరాన్ని బట్టి మారుతూ ఉంటుంది. బియ్యం బస్తా మేడ మీదికి చేర్చాలంటే "గాడిదలా పెరిగావు, ఆ మాత్రం మొయ్యలేవా?" అంటాం. స్నేహితులతో కలిసి అరకు వెళ్ళొస్తానంటే "పసివెధవ్వి, నీకేం తెలుసురా లోకం?" అంటాం. వాడు బిక్కమొహం వేసుకుని చూస్తాడు.

ఈ విద్యలో విహారనౌకలు నడిపే కంపెనీలు మనల్ని మించిపోయాయి సుమండీ. రాయల్ కరిబియన్ అని ఒక పెద్ద కంపెనీ ఉంది. దాని ఓడ అమెరికాలోని మయామీ రేవు నుంచి బయల్దేరితే, అందులో మద్యం పుచ్చుకోవడానికి 21 ఏళ్ళు నిండాలి. అదే కంపెనీ ఓడ స్పెయిన్‌లో బార్సిలోనా నుంచి బయల్దేరితే 18 చాలు. సీసాలు అవే, గ్లాసులు అవే, పోసేవాడి చిరునవ్వూ అదే. మన పంతొమ్మిదేళ్ళవాడు మాత్రం ఒక రేవులో ఎక్కితే పసివాడు, ఇంకో రేవులో ఎక్కితే దొరగారు!

అమెరికా చట్టం అలా ఉంది కాబోలు, పాపం వాళ్ళేం చేస్తారు అనిపిస్తుంది. కాని ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు పోతే అమెరికా ప్రాదేశిక జలాలు అయిపోతాయి. నడిసముద్రంలో ఓడ మీద ముఖ్యంగా చెల్లేది అది ఏ దేశపు జెండా కట్టుకుందో ఆ దేశపు చట్టం. మయామీ నుంచి కదిలే పెద్ద ఓడల్లో చాలావాటి మీద బహమాస్ జెండానో, పనామా జెండానో ఎగురుతూ ఉంటుంది. ఆ రెండు దేశాల్లోనూ 18 నిండితే అడ్డు లేదు. అంటే చట్టాన్ని ఒడ్డున వదిలేసి వచ్చినా, 21 అన్న గీతను మాత్రం కంపెనీ తనంతట తానే ఓడలో వేసుకుని వచ్చిందన్నమాట. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది అమెరికావాళ్ళే. వాళ్ళ ఊరి మర్యాద పాటిస్తే పేచీలుండవు. వ్యాపారస్థుడి ధర్మసూక్ష్మం అలాగే ఉంటుంది. మధ్యలో ఓడ బహమాస్ రాజధాని నాసౌలో ఆగిందనుకోండి, అదే కుర్రవాడు మెట్లు దిగి, రేవు ఎదురుగా ఉన్న దుకాణంలో దర్జాగా బీరు కొనుక్కోవచ్చు. సాయంత్రం మళ్ళీ మెట్లెక్కేసరికి వయసు తగ్గిపోతుంది!

ఈ పరాయి జెండాల వెనక ఒక కథ కూడా ఉంది. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం. అమెరికా ఓడ ప్రపంచంలో ఏ సముద్రం మీదున్నా అందులో మద్యం కూడదని 1922లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. ఆ ఏడాదే రిలయన్స్, రిజల్యూట్ అనే రెండు అమెరికా ఓడలు పనామా జెండా కప్పుకున్నాయి. ప్రయాణికులకి మందు పొయ్యడానికి! అలా తాగడానికి మార్చిన జెండా కిందే ఇవాళ కుర్రవాళ్ళని తాగొద్దంటున్నారు. కాలమహిమ అనాలి.

అయితే ఆ 21ని నేను వేళాకోళం చెయ్యను. దాని వెనక తల్లుల కన్నీళ్ళున్నాయి. 1971లో అమెరికాలో 18 ఏళ్ళవాళ్ళకి ఓటుహక్కు వచ్చింది. వియత్నాం యుద్ధానికి పంపడానికి పనికొచ్చినవాళ్ళు ఓటుకి పనికిరారా అన్నది అప్పటి వాదన. ఆ ఊపులోనే చాలా రాష్ట్రాలు మద్యం వయసు కూడా తగ్గించేశాయి. రోడ్ల మీద కుర్రకారు ప్రమాదాలు పెరిగాయి. 1980లో కాలిఫోర్నియాలో ఒకడు తాగి కారు నడిపి 13 ఏళ్ళ పిల్లను గుద్ది చంపాడు. ఆ పిల్ల తల్లి కాండీ లైట్‌నర్ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. తాగి బండి నడిపేవాళ్ళ మీద తల్లుల సంఘం పెట్టి దేశాన్ని కదిలించింది. 21 లోపువాళ్ళకి మద్యం అమ్మనిచ్చే రాష్ట్రాలకి రహదారుల నిధుల్లో కోత పడుతుందని 1984లో చట్టం వచ్చింది. డబ్బు మాట వినగానే 1988 నాటికల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి.

చూశారా, 21 అన్నది రోడ్డు మీద పుట్టిన అంకె. ఓడలో కార్లు లేవు కదా, అక్కడెందుకు అని మన కుర్రవాడు అడగొచ్చు. కార్లు లేవు నాయనా, చుట్టూ సముద్రం మాత్రం ఉంది!

ఇక అసలు విషయానికి వస్తాను. కొన్ని కంపెనీలు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాయి. అమెరికా నుంచి బయల్దేరే ఓడలోనైనా సరే, 18 నుంచి 20 ఏళ్ళ మధ్యవాళ్ళు బీరు, వైను పుచ్చుకోవచ్చు. విస్కీ, బ్రాందీల్లాంటి ఘాటు సరుకు కూడదు. షరతేమిటంటే తల్లో తండ్రో అదే ఓడలో ఉండి, ఒక పత్రం మీద సంతకం పెట్టాలి.

టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలి కుటుంబం అలాంటి ఓడ ఎక్కింది. పిల్లకి 20, పిల్లవాడికి 18. పత్రాలు రెండొచ్చాయి. మా మరిదిగారు కలం తీసి కొడుకు కాగితం మీద టక్కున సంతకం గిలికేశారు. "కాలేజీలో ఎలాగూ తాగుతాడు. ఆ తాగేదేదో మన కళ్ళముందే తాగనీ" అన్నారట. పిల్ల తన కాగితం ముందుకి జరిపింది.

"నీకెందుకమ్మా ఇవన్నీ?"

"నాన్నా, వాడికి 18. నాకు 20."

"అందుకే చెప్తున్నా. పెద్దదానివి, నువ్వైనా అర్థం చేసుకోవాలి."

మా చెల్లెలు మరి మాట్లాడలేదు. సంతకమైనదీ, కానిదీ రెండు కాగితాలూ మడిచి హ్యాండ్‌బ్యాగులో పడేసి "ఇద్దరికీ వద్దు" అంది. పిల్లవాడు రెండ్రోజులు మూతి ముడుచుకు తిరిగాడు. ఫోనులో ఇదంతా చెప్పి "న్యాయం చేశానా లేదా అక్కా?" అనడిగింది.

సగం చేశావన్నాను.

మరిదిగారి మాట కొట్టెయ్యదగ్గది కాదు. చాటున నేర్చుకునేదాని కన్న ఎదుట నేర్చుకున్నది నయం కావచ్చు. కాని ఆ వాదం కొడుక్కి చెల్లితే కూతురికి ఎందుకు చెల్లదు? ఒకే మోతాదు ఆడవాళ్ళ ఒంట్లో ఎక్కువ పని చేస్తుందని డాక్టర్లు చెప్తారు. ఆయన ఆ మాటన్నా కొంత ఒప్పుకుందును. అనలేదు. ఓడలో మనవాళ్ళు నాలుగు కుటుంబాలున్నారు, అదీ ఆయన బెంగ. కొడుకు తాగితే వాడి ఆరోగ్యం పోతుంది, కూతురు తాగితే తన పరువు పోతుంది! ఆ పిల్ల అడిగింది బీరు కాదు. బీరంటే దానికి వాంతి. అది అడిగింది నాన్న సంతకం. తమ్ముణ్ణి నమ్మినట్టు నన్ను నమ్ముతావా అని. దానికి జవాబు హ్యాండ్‌బ్యాగులో దొరకదు.

"అసలు తాగుడే పాడు పనైతే ఈ సంతకాల గొడవేమిటండీ" అని మీలో చాలామంది అంటారు. మా ఇంట్లోనూ ఆ మాటే అన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు, ఎన్నేళ్ళవాడికి పొయ్యొచ్చు అన్న చర్చ పెట్టలేదు. వాళ్ళ బతుకులు బుగ్గి చేసింది 18 ఏళ్ళ కుర్రాళ్ళా? ఇంటి యజమానులు! ఆ మంట రాష్ట్రమంతా అంటుకుని 1995లో నిషేధం తెచ్చింది. 1997లో సడలించేశారు. ఇవాళ ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మళ్ళీ 21 అనే అంకె మిగిలింది. కాకినాడ పక్కనున్న యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది కనక అక్కడ 18. ఓడ కూడా అక్కర్లేదు, బస్సెక్కితే చాలు పెద్దవాళ్ళయిపోవచ్చు. ఏ అంకె పెట్టినా అది కుర్రవాడినే ఆపుతుంది, నలభై అయిదేళ్ళ తండ్రి జోలికి రాదు. పిల్లవాడు చూసి నేర్చుకునేది మాత్రం ఆయన్నే.

అందుకే ఆ ఓడ కంపెనీ కాగితం నాకు కొంచెం నచ్చింది. బేరం కోసం పెట్టిందే అనుకోండి. అయినా అది తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి "మీరేమంటారు?" అనడుగుతోంది. ఇన్నాళ్ళూ మనం "చట్టం ఒప్పుకోదురా" అని తప్పించుకునేవాళ్ళం. చట్టం ఒప్పుకోకపోతే సరే, మనం ఒప్పుకుంటామా లేదా, ఎందుకు? ఆ ముక్క పిల్లలతో విప్పి మాట్లాడిన ఇల్లు ఎన్నుంటాయి? సంతకం పెట్టినా పెట్టకపోయినా, ఆ మాట మాట్లాడితే చాలని నా ఉద్దేశం. ఇద్దరితో ఒకేలాగ, ఒకే గొంతుతో.

ఇదంతా ఫోనులో చెప్తే చెల్లెలు "మీ మరిదిగారికి నువ్వే చెప్పు" అంది. నేను చెప్పను. అది వాళ్ళింట్లో తేలవలసిన సంగతి. వచ్చే కార్తీకానికి పిల్లకి 21 నిండుతాయి. ఆ తర్వాత అది ఏ ఓడెక్కినా, ఆయన సంతకం కోసం ఎవరూ కాగితం పట్టుకురారు.