పెట్టుబడి ఎవరిది, సాయం ఎవరికి?

మెండోర పొలిమేరలో ఒక రెండెకరాల భూమి ఉందనుకుందాం. బోరుంది, పసుపు వేస్తారు. పట్టా ఒకాయన పేరు మీద ఉంది. ఆయన గల్ఫ్‌లో భవనాల పనిలో ఉన్నాడు. ఆ భూమిని కౌలుకు పట్టింది అదే ఊరి మనిషి, సొంతానికి పది గుంటలున్నవాడు. పసుపు తవ్వేటప్పుడు, ఉడకబెట్టి ఆరబోసేటప్పుడు కూలికొచ్చేది ఒకామె, మిగతా రోజుల్లో బీడీలు చేసుకుంటుంది. ముగ్గురూ నా ఊహలోని మనుషులే, కానీ నిజామాబాద్ జిల్లా తెలిసినవాళ్లెవరూ ఇలాంటివాళ్లు ఎక్కడున్నారని అడగరు. ఇప్పుడు ప్రభుత్వం ఈ రెండెకరాల లెక్కన ఏడాదికి 24,000 రూపాయలు ఇస్తానంటోంది. ఆ డబ్బు ఎవరికి చెందాలి?

మనం ఆలోచించేలోపే డబ్బు బ్యాంకులో పడిపోతుంది. పట్టా ఉన్నాయన ఖాతాలో.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. అప్పుడు సీజన్‌కు ఎకరానికి 4,000, మరుసటి ఏడు 5,000. 2025 జనవరి 26 నుంచి పేరు మారి రైతు భరోసా అయింది, సీజన్‌కు 6,000 అయింది. మొదట్లో గుట్టలకూ ప్లాట్లకూ కూడా పోయిందన్న విమర్శ తర్వాత, సాగుకు పనికొచ్చే భూములకే అని కొత్త నిబంధన పెట్టారు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, మొత్తం మారింది. మారనిది ఒక్కటే, లెక్క పట్టాదారు పాసు పుస్తకం దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకు కూడా ఇస్తామన్న హామీ ఉంది. ఇచ్చేటప్పుడు ఆ మాట లేదు.

ఇందులో నన్ను పట్టి ఆపేది రాజకీయం కన్నా ఒక మాట. ఈ పథకానికి ప్రభుత్వమే మొదటి రోజు నుంచీ పెట్టిన వివరణ ‘పెట్టుబడి సాయం’. రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా విత్తనాలకూ ఎరువులకూ చేతిలో డబ్బుండాలని. చాలా మంచి ఆలోచన, వెటకారం కాదు. ఒక రాష్ట్రం తన రైతుకు ముందుగానే, ఏ దళారీ లేకుండా డబ్బు చేర్చడం చిన్న విషయం కాదు. కానీ పెట్టుబడి సాయం అంటే పెట్టుబడి పెట్టేవాడికి సాయం కదా. మన రెండెకరాల్లో విత్తనప్పసుపు కొన్నదెవరు? పశువుల ఎరువు తోలించిందెవరు? తొమ్మిది నెలలు కాసుకున్నాక వానొచ్చి తడిస్తే ఎవరి నష్టం? దుబాయిలో ఉన్నాయన కౌలు ముందే ముట్టి ఉంటుంది. పంట పోయినా ఆయనకు పోయేదేమీ లేదు. పెట్టుబడి ఒకరిది, సాయం ఇంకొకరిది.

సహాయం నష్టభయాన్ని వెతుక్కుంటూ పోవాలి, హక్కు పత్రాన్ని కాదు. నాకు తెలిసినంతలో ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. ‘దున్నేవాడిదే భూమి’ అని నినదించిన నేల ఇది. భూమి ఇవ్వడం దాకా ఎందుకు, దున్నేవాడికి దున్నే ఖర్చు ఇవ్వడం దగ్గరే తడబడుతున్నాం.

కానీ సులువుగా తీర్పు చెప్పి లేచిపోదామంటే దుబాయి ఆయన అడ్డం వస్తాడు. ఆయన దొర కాదు. వీసాకు అప్పు చేసి పోయినవాడు. ఊళ్లో ఉన్న ముసలి తల్లిదండ్రులు ఆ భూమి దున్నలేరు, అమ్ముకోలేరు. ఆర్మూరు, బాల్కొండ, మెండోర వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ ఎకరం, రెండెకరాల వాళ్లే. పట్టాదారు, కౌలుదారు అనగానే పాత సినిమాల్లోలాగా గడీ ఒకవైపు, గుడిసె ఒకవైపు కనిపిస్తాయి మనకు. ఇక్కడ రెండు గుడిసెలే, ఒక గుడిసె ఎడారిలో ఉంది. ఆయనకు వచ్చే 24,000 కూడా అవసరమే.

అలాగని ఆయన అవసరం పెట్టుబడి సాయానికి కారణం కాదు. వృద్ధులైన తల్లిదండ్రులకు పింఛను ఇవ్వండి, గల్ఫ్ కార్మికుడికి బీమా పెట్టండి, అప్పుడు అది వాళ్ల పేదరికానికి జవాబు. పేదరికానికి ఇచ్చేది పేదరికం చూసి ఇవ్వాలి, ఎకరాలు చూసి కాదు. ఎకరాలు చూసి ఇస్తే రెండెకరాల ఆయనకు 24,000, యాభై ఎకరాల ఆయనకు 6 లక్షలు. రైతుబంధుకు పైపరిమితి పెట్టకపోవడాన్ని సమర్థించే నైతిక వాదన ఒక్కటి కూడా నాకు ఇప్పటిదాకా ఎదురుపడలేదు. అమలు చేయడం తేలిక అన్న వాదన మాత్రం చాలాసార్లు విన్నాను.

ఈ చిక్కు మనొక్కళ్లదే కాదు. యూరప్ ఇందులో మనకన్నా పాతికేళ్లు ముందుంది. అక్కడి ఉమ్మడి వ్యవసాయ విధానం 1962లో మొదలైంది, మొదట్లో పంటకు ధర హామీ ఇచ్చేది. ధర బాగుంటే పంట పెరిగింది, గోదాముల్లో గుట్టలు పేరుకుపోయాయి, ‘వెన్న కొండలు’, ‘వైన్ సరస్సులు’ అని పత్రికలు ఎగతాళి చేశాయి. 1992లో మక్‌షారీ అనే ఐరిష్ కమిషనర్ ధరలు తగ్గించి, ఆ నష్టానికి పరిహారంగా హెక్టారుకింత అని ఇవ్వడం మొదలుపెట్టాడు. 2003 సంస్కరణ ఇంకో అడుగు వేసింది. ఏం పండించారు, ఎంత పండించారు అన్నదానితో సాయానికి ఉన్న ముడి చాలావరకు విప్పేసింది. అప్పటికి పరిహారం అన్న మూలకారణాన్ని అందరూ మరిచిపోయారు. కారణం పోయింది, డబ్బు మిగిలింది.

తర్వాత జరిగింది మనకు కొత్తగా అనిపించదు. నేరుగా ఇచ్చే సాయంలో సుమారు 80 శాతం 20 శాతం మందికి చేరుతోందని యూరోపియన్ కమిషనే ఒప్పుకుంది. ఇంగ్లండ్ రాణి ఎస్టేటుకు కూడా ముట్టింది. సాగు చెయ్యకుండా సాయం తీసుకునేవాళ్లను స్పెయిన్‌లో ‘సోఫా రైతులు’ అన్నారు, స్కాట్లాండ్‌లో ‘స్లిప్పర్ రైతులు’ అన్నారు, అంటే ఇంట్లో మెత్తటి చెప్పులేసుకుని తిరిగే రైతులని. చివరికి 2013 సంస్కరణలో ‘క్రియాశీల రైతు’ ఎవరో నిర్వచించాల్సి వచ్చింది. విమానాశ్రయాలు, రైల్వే సేవలు, రియల్ ఎస్టేట్, ఆట మైదానాలు రైతులు కావని చట్టంలో రాసుకున్నారు. నవ్వొస్తుంది గానీ, మనం 2025లో లేఅవుట్లు, గుట్టలు తీసేశామంటే అదే పని. ఇంగ్లండ్ యూరప్ నుంచి బయటపడ్డాక 2020 వ్యవసాయ చట్టంతో ఇంకో దారి పట్టింది. భూమి ఉన్నందుకు కాదు, నేలకూ నీళ్లకూ ప్రకృతికీ మేలు చేసినందుకు ప్రజాధనం అంది. చిన్న రైతులు దానిమీద కూడా గొడవ పడుతున్నారు, అది వేరే కథ.

యూరప్ నుంచి నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇంకొకటుంది. ఎకరానికి డబ్బు రావడం ఖాయమైతే అది మెల్లగా కౌలు ధరలోకి, భూమి ధరలోకి ఇంకిపోతుంది. సాయం తనకు రాని కౌలుదారు, ఆ సాయం వల్ల పెరిగిన కౌలు మాత్రం కడతాడు.

మెండోర ప్రాంతపు రైతులు 2019లో రోడ్డెక్కింది ఎకరానికి డబ్బు కోసం కాదు. వాళ్లు అడిగింది ధర. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్నది పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 కావాలని. ఆ ఏడాది నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేశారు, వాళ్లలో 170 మందికి పైగా రైతులు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో డజను ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. అప్పటికే రైతుబంధు నడుస్తోంది. ఖాతాలో డబ్బు పడుతున్న రైతులే నామినేషన్లు వేశారన్నది గమనించాలి. పసుపుకు మద్దతు ధర లేదు, కేంద్రం ప్రకటించే 22 పంటల జాబితాలో అది లేనే లేదు. పసుపు బోర్డు 2025 సంక్రాంతికి వచ్చింది, నిజామాబాద్ కేంద్రంగానే వచ్చింది. బోర్డు వేరు, ధర వేరు.

ధర అడగడంలో ఒక న్యాయం ఉంది. మార్కెట్ యార్డులో కాడి ఎంత, గోల ఎంత అని రాశి చూస్తారు, పట్టా ఎవరిదని చూడరు. పండించినవాడు పట్టుకొస్తాడు, పట్టుకొచ్చినవాడికి పైసలు. కౌలుదారుకు రైతుగా గుర్తింపు దొరికే చోటు అదొక్కటే కావచ్చు. వరి కొనుగోలు కేంద్రంలో అలా కాదు, అక్కడ పాసు పుస్తకం కావాలి, కౌలుదారు పండించిన వడ్లు పట్టాదారు పేరు మీద అమ్ముడుపోతాయి, డబ్బు కోసం మళ్లీ ఆయన్ని అడగాలి. అయితే ధర కూడా అందరికీ న్యాయం చెయ్యదు. ఎక్కువ పండించినవాడికే ఎక్కువిస్తుంది, కూలికొచ్చిన ఆమెను అసలు చూడదు, వెన్న కొండల్లాగే వడ్ల కొండలు పెంచుతుంది.

ఇక ఆమె సంగతి. భూమి లేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే ఆత్మీయ భరోసా రైతు భరోసాతో పాటే మొదలైంది, ఉపాధి హామీలో ఇరవై రోజులు పని చేసి ఉండాలని షరతు. కూలి కూడా వ్యవసాయమేనని ఒక ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవడం మంచి మొదలు. కానీ మన కౌలుదారును చూడండి. పది గుంటలున్నాయి కాబట్టి భూమి లేనివాడు కాదు, ఆ 12,000 రావు. పది గుంటలకు రైతు భరోసా ఏడాదికి 3,000. రెండెకరాలు సాగు చేసే మనిషి, కాగితం మీద పావు ఎకరం రైతు.

చావు దగ్గర ఈ లెక్క మరీ క్రూరంగా ఉంటుంది. 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా ఉంది, పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. సొంత గుంట కూడా లేని కౌలుదారు అప్పులకు ఉరేసుకుంటే ఆ బీమా రాదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో సాగుదారుల్లో మూడోవంతుకు పైగా కౌలుదారులని తేలింది. మూడోవంతు మంది విషయంలో, చనిపోయింది రైతేనా అని ఇంటివాళ్లు రుజువు చేసుకోవాలన్నమాట.

కౌలు అనేది ఇద్దరి మధ్య ప్రైవేటు ఒప్పందం, ప్రభుత్వం అందులో తల దూర్చదు అన్నది ఇన్నేళ్లుగా వినే జవాబు. ఇద్దరిలో ఒకరి ఖాతాలో డబ్బు వేసిన రోజే తల దూర్చింది. ఇంకో జవాబు కొంచెం బరువైనది. పేరు రాయిస్తే భూమి పోతుందేమోనని యజమానుల భయం. ఇది గాలి భయం కాదు. 1950 హైదరాబాద్ కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చాయి, ఆ జ్ఞాపకం ఊళ్లలో ఉంది. కౌలుదారును కాపాడటానికి చేసిన చట్టమే కౌలును నోటిమాటగా మార్చింది. దుబాయి ఆయనకైతే ఈ భయం రెండింతలు, ఎందుకంటే వచ్చి చూసుకునే వీలు లేదు.

ఈ భయానికి విరుగుడు ఏనాడో రాసి పెట్టుకున్నాం. 2011 అధీకృత సాగుదారుల చట్టం. సాగు చేస్తున్నాయన ఊళ్లో దరఖాస్తు పెట్టుకుంటే ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇస్తారు, యజమాని హక్కులకు దానితో ఏ సంబంధమూ లేదని చట్టంలోనే ఉంది. ఎవరి చేన్లో ఎవరు దుక్కి దున్నుతున్నారో ఊళ్లో తెలియనివాళ్లుండరు. ఏ సర్వే నంబరులో ఏ పంటుందో వ్యవసాయ విస్తరణ అధికారులు ప్రతి సీజన్‌కూ నమోదు చేస్తూనే ఉన్నారు, దాని పక్కన ఆ పంట వేసినవాడి పేరు రాసుకోవడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు. తెలంగాణ వచ్చాక ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. కార్డులివ్వడం మాత్రం ఏడాదికేడాది తగ్గిపోయింది.