మిగిలిన గింజ

సేద్యము వలన ధాన్యము మిగిలెననియు, ఆ మిగులుపై కుమ్మరి, కమ్మరి, పూజారి, రాజు బ్రతికిరనియు, వారెల్లరు ఒకచోట చేరుటచే నగరము పుట్టెననియు మనము బడిలో వల్లించిన పాఠము నా మనస్సునకు ఏనాడును పూర్తిగా నెక్కలేదు. తన యింటికి చాలినంత పండిన పిమ్మట రైతు నీడపట్టున కూర్చుండక, మఱికొంత చెమటోడ్చి, ఆ ఫలమును ముక్కుమొగము తెలియనివానికి కొలిచి యిచ్చుటకు వానికేమి పట్టినది?

అనటోలియాలోని చాతల్‌హోయుక్‌లో క్రీ.పూ. 7000 నాటికే జనులు గోధుమలు పండించుకొని, గోడకు గోడ యానించి కట్టిన యిండ్లలోనికి కప్పునుండి నిచ్చెనపై దిగి కాపురము చేసిరి. అచ్చట రాజగృహము కానరాదు. ఇంటింట గింజలు దాచు తొట్లు కలవు. దక్షిణ ఇరాకున ఉరుక్ మహానగరమగుటకు ఇంకను మూడువేల యేండ్లకు పైగా పట్టెను. మిగులే కారణమైనచో ఇంత ఆలస్యమేల?

మా యూరి కల్లములో తూర్పారబట్టి రాశి పోసిన సాయంకాలము, మా తాతగారు మొదటి కుంచమును ఒకటి యనక లాభమని కొలుచుచుండగా, చాకలి, మంగలి, వడ్రంగి మేర కొఱకు గోనెలతో నిలిచెడివారు. ఆయన ఒక్కొక్కనిని పేరు పెట్టి పిలిచి, "నీ కూతురు పురిటికి వచ్చిందటగా" అనుచు ఇంకొక దోసెడు పోసెడివారు. ఆ దోసెడు ఏ లెక్కలోను లేదు.

ఉరుక్ తవ్వకములలో బయల్పడిన మోటు మట్టిగిన్నెలు, అంచు ఏటవాలుగా కోసినవి, ఇంచుమించు ఒకే తీరువి, వేలకొలది. పనివారికి కొలిచి యిచ్చు బత్తెమునకై చేసినవని పెక్కురి తలంపు; ఆనాటి లేఖకులు బత్తెమునకు గీసిన గుఱుతులో మనుష్యుని తలప్రక్క అట్టి గిన్నెయే యున్నది. దానిలో దోసెడు ఎక్కువ పట్టదు. వానను నమ్మినవాడు లేచి వేఱొక కొండవాలునకు పోగలడు గాని, యూఫ్రటీసు కాలువకు కట్టువడినవాడు పోలేడనియు, అందుచే వాని గింజ ఆ గిన్నెలోనికి బలిమిమై పోయెననియు నేను చాలకాలము నిశ్చయించుకొంటిని.

కాని పురాతత్త్వవేత్త రాబర్ట్ ఆడమ్స్ ఆ నేలపై పెంకులు వెదకి గీసిన పటములలో, క్రీ.పూ. 3000 దాటిన పిదప ఉరుక్ పెరిగినకొలది చుట్టుపట్ల పల్లెలు పాడువడుచున్నవి. పోలేరనుకొన్నవారు పోయిరి, అదియు ఆ గిన్నె యున్న దిక్కునకే. శత్రుభయమా, నదీపాయ మాఱుటయా, ఆ నగరపు వేల్పగు ఇనన్న దేవిపై భక్తియా? బలవంతమే యని తేల్చుట సులభము. అయినను, ఊరిలో ఒకరి దయపై బ్రదికి విసిగినవానికి, ఎవరి మొగమును చూడక అందఱకు ఒకేకొలత యిచ్చు గిన్నె విముక్తివలె తోచియుండదా? వడ్రంగికి ఆ దోసెడు పడని యేడు కూడ ఉండెడిది. ఏమని యడుగుటకు వానికి నోరు లేకుండెను.